నగరం పచ్చబడితే లాభమెవరికి, భారమెవరికి?

వీధిదీపం | శనివారం, ఉదయం 8:40

ఈ విభాగంలో గాలి గురించి, నీళ్ల గురించి, చెత్త గురించి ఇప్పటికే చాలా మాట్లాడుకున్నాం. ఏ చర్చ చూసినా చివరికి ఒకే మాట దగ్గరకొచ్చి చతికిలపడుతోంది: "అన్నిటికీ మూలం జనమేనండీ, ముందు వాళ్లు మారాలి." ఆ మాట అనేశాక ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. అందుకే ఆ మాటనే నేరుగా పట్టుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా వాదన ఇది. జనానికి మంచి అలవాట్లు ముందే ఉండి, వాటిని చూసి నగరపాలక సంస్థలు కదిలిన సందర్భాలు తక్కువ. ఎవరో ఒకరు తెగించి ఒక ఏర్పాటు చేస్తారు, కొన్నాళ్లు తిట్లు తింటారు, తర్వాత అదే ఏర్పాటు అందరికీ మామూలైపోతుంది.

స్టాక్‌హోమ్ సంగతి చూడండి. నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద 2006 జనవరిలో రద్దీ పన్ను వేశారు. శాశ్వతంగా కాదు, జూలై ఆఖరుదాకా ప్రయోగంగా. మొదలయ్యే ముందు ఎక్కువమంది వద్దే వద్దన్నారు. తీరా చూస్తే పన్ను గీత దాటే వాహనాలు ఐదో వంతు దాకా తగ్గాయి. ఆగస్టులో పన్ను ఎత్తేశారు, రద్దీ మళ్లీ పెరిగింది. సెప్టెంబరులో ప్రజాభిప్రాయం అడిగితే నగరవాసులు స్వల్ప ఆధిక్యంతో "ఉండనివ్వండి" అన్నారు. 2007 ఆగస్టు నుంచి పన్ను స్థిరపడింది. అదే జనం, అవే కార్లు. ఏడాది తిరక్కుండానే అభిప్రాయం మారింది. ఎవరూ వాళ్లకు నీతిపాఠాలు చెప్పలేదు.

ఒప్పుకోనివాళ్లు రండి.

---

గుల్మొహర్ | ఉదయం 9:25

వీధిదీపం గారూ, కథ బాగుంది, కానీ సగమే చెప్పారు. మిగతా సగం నేను చెబుతాను.

2002 ఎన్నికల్లో రద్దీ పన్ను వెయ్యబోమని మాటిచ్చింది అక్కడి సోషల్ డెమోక్రాట్లే. జాతీయ ప్రభుత్వం నిలబడాలంటే గ్రీన్ పార్టీ మద్దతు కావాల్సి వచ్చింది, ఆ పార్టీ పెట్టిన షరతుల్లో ఈ పన్ను ఒకటి. అలా మాట మార్చారు. 2006లో నగరపాలన వాళ్ల చేతుల్లోంచి పోయింది. ప్రయోగం గెలిచింది, చేసినవాళ్లు ఓడిపోయారు. గెలిచిన కూటమి పన్నును ఉంచింది గానీ, వచ్చిన డబ్బును రోడ్లకు మళ్లించింది. కార్లు తగ్గించడానికి పుట్టిన పన్ను చివరికి బైపాస్ రోడ్డుకు ఖర్చయింది!

ఇంకొకటి. చుట్టుపక్కల మున్సిపాలిటీలు కొన్ని సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నాయి. అక్కడ ఎక్కువమంది వద్దన్నారు. వాళ్లూ రోజూ ఆ గీత దాటి పనికొచ్చేవాళ్లే, పన్ను కట్టేవాళ్లే. లెక్కలోకి తీసుకున్నది మాత్రం నగరం లోపలి ఓటునే. కాబట్టి "జనం అభిప్రాయం మారింది" అనే ముందు ఏ జనం అని అడగాలి కదా?

---

సైకిల్‌చక్రం | ఉదయం 9:50

రద్దీ పన్ను అనగానే అందరూ యూరప్ వైపు చూస్తారు. సింగపూర్ 1975లోనే మొదలుపెట్టింది, అది గుర్తుంచుకోండి.

నేను చెప్పాలనుకున్నది మాత్రం వేరు. "నెదర్లాండ్స్ వాళ్ల సంస్కృతిలోనే సైకిలుంది, మనకు రాదు" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1960ల చివర్లో అక్కడి నగరాలు కూడా కాలువలు పూడ్చి, పాత ఇళ్లు పడగొట్టి కార్లకు దారి చేస్తున్నాయి. 1971 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా పోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్ల మీద బైఠాయించారు. ఆ ఉద్యమం పేరే "పిల్లల హత్యలు ఆపండి". 1973లో చమురు సంక్షోభం వచ్చి, ఆదివారాలు కార్లు నడపకూడదన్నారు. ఖాళీ హైవేల మీద జనం సైకిళ్లు తొక్కారు, స్కేటింగ్ చేశారు. రోడ్డు ఇలా కూడా ఉండొచ్చని ఆ ఆదివారాల్లో కళ్లారా చూశారు.

ఈ రోజు మనం సంస్కృతి అంటున్నది యాభై ఏళ్ల కిందటి ధర్నాల ఫలితం.

---

కానుగ | ఉదయం 10:30

ఇక్కడ అందరూ సంస్కృతిని వెనక సీట్లో కూర్చోబెట్టేస్తున్నారు. నేను ఒప్పుకోను.

కొలంబియా రాజధాని బొగోటాకు 1995లో ఆంటనాస్ మోకుస్ మేయరయ్యాడు. గణితం, తత్వశాస్త్రం చదువుకున్న ప్రొఫెసర్. ట్రాఫిక్ క్రమశిక్షణ కోసం ఆయన కూడళ్లలోకి పంపింది మూకాభినయ కళాకారుల్ని. ముఖానికి తెల్లరంగు పూసుకున్న ఒకడు, అడ్డదిడ్డంగా రోడ్డు దాటే పెద్దమనిషి వెనకే, అచ్చం అతని నడకనే అనుకరిస్తూ నడుస్తాడు. జీబ్రా గీతల మీద కారు ఆపిన డ్రైవరు ముందు నిలబడి, ఆ కారును వెనక్కి తోస్తున్నట్టు నటిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. జరిమానా లేదు, తిట్టు లేదు. జరిమానాకు భయపడనివాడు పదిమంది నవ్వుకు సిగ్గుపడ్డాడు.

నీటికొరత వచ్చినప్పుడు ఆయన స్వయంగా టీవీలో స్నానం చేస్తూ కనిపించి, సబ్బు రుద్దుకునేటప్పుడు కుళాయి కట్టేసి చూపించాడు. నీటి వాడకం గట్టిగానే తగ్గింది. రెండోసారి మేయరైనప్పుడు, ఇష్టమున్నవాళ్లు పన్ను మీద పదిశాతం అదనంగా కట్టండని అడిగాడు. 63,000 కుటుంబాలు కట్టాయి. స్వచ్ఛందంగా! ఏ చట్టంతో వస్తుందండీ ఇది?

---

పాతబాకీ | ఉదయం 10:42

> ఏ చట్టంతో వస్తుందండీ ఇది?

మేయర్ కుర్చీతో వస్తుంది. మూకాభినయం చేసేవాళ్లకు జీతం ఎవరిచ్చారు? ఆ ప్రొఫెసర్ క్లాసురూములోనే ఉండి ఇదే చెబితే విద్యార్థులు కూడా వినేవాళ్లు కాదు. మీ ఉదాహరణ వీధిదీపం గారికే పనికొస్తోంది, చూసుకోండి.

---

కానుగ | ఉదయం 10:58

కుర్చీ చాలామందికి దొరికిందండీ. మోకుస్ ఒక్కడే ఆ పని చేశాడు. అధికారం వాడినా, వాడింది జనంలో ఉన్న సిగ్గునూ సరదానూ. దానికి ఆ ఊరి జనం తెలియాలి. పక్క నగరంలో అదే ఆట ఆడితే చప్పగా తేలిపోవచ్చు.

---

మెరుపుతీగ | ఉదయం 11:15

ఇంత చర్చ ఎందుకు, ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి కదా, గాలి సంగతి అదే సర్దుకుంటుంది.

---

సైకిల్‌చక్రం | ఉదయం 11:20

మెరుపుతీగ గారూ, పొగగొట్టం పోతుంది. టైర్ల నుంచి, రోడ్డు నుంచి లేచే ధూళి పోదు. కారు ఆక్రమించే చోటు అంగుళం తగ్గదు. కొనగలిగేది ఎవరన్న ప్రశ్న ఇంకా పెద్దది. దాని మీద పాత చర్చ ఒకటుంది, అక్కడ కొట్టుకుందాం.

---

పాతబాకీ | మధ్యాహ్నం 12:10

అందరూ విజయగాథలే చెబుతున్నారు. నేను ఒక అందమైన వాగు గురించి చెబుతాను.

సియోల్ నడిబొడ్డున చోంగ్యేచోన్ అనే వాగు ఉండేది. మురికి కాలువైపోయిందని కాంక్రీటుతో కప్పేసి, దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. 2002లో మేయరైన లీ మ్యూంగ్ బాక్ ఆ ఫ్లైఓవర్ కూల్చి వాగును బయటికి తీస్తానన్నాడు. 2003 జూలైలో మొదలుపెట్టి 2005 అక్టోబరుకల్లా పూర్తి చేశాడు. దాదాపు ఆరు కిలోమీటర్లు. ప్రపంచంలో నగర ప్రణాళిక మీద ఏ సదస్సు జరిగినా ఆ ఫొటో లేకుండా ఉండదు. రాళ్ల మీదుగా నీళ్లు, గట్టున కూర్చున్న ఆఫీసు ఉద్యోగులు.

ఆ నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి పంపులు పెట్టి తోడిపోస్తున్నవి. వాగు తనంతట తాను పారడానికి నీళ్లు చాలవు. పంపులు ఆపితే ఫొటో ఆగిపోతుంది. పర్యావరణ పునరుద్ధరణ అందామా, కరెంటుతో నడిచే ఫౌంటెన్ అందామా?

ఇక ఆ ఫ్లైఓవర్ కింద, పక్క రోడ్ల మీద పాత సామాన్లు, పనిముట్లు, బట్టలు అమ్ముకునే వీధి వ్యాపారులుండేవాళ్లు. వాళ్లను తొలగించి దగ్గర్లోని తోంగ్‌డేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లు తిరక్కుండానే డిజైన్ ప్లాజా కోసం ఆ స్టేడియాన్నీ కూల్చారు. వ్యాపారులు మళ్లీ మూట సర్దుకున్నారు. మేయర్ గారు 2007 ఎన్నికల్లో దేశాధ్యక్షుడయ్యారు. వీధిదీపం గారి లెక్క ప్రకారం తెగించినవాడికి తిట్లు పడాలి కదా, ఈయనకు పట్టాభిషేకం జరిగింది. తిట్టాల్సినవాళ్ల గొంతు వినబడకపోతే అంతే మరి.

---

వీధిదీపం | మధ్యాహ్నం 12:45

పాతబాకీ గారూ, వ్యాపారుల సంగతిలో మీతో తగువు లేదు. వాగు సంగతిలో మాత్రం ఉంది. వాగు పక్కన వేసవి ఎండ తీవ్రత చుట్టుపక్కల రోడ్ల కంటే తక్కువని కొలిచి చూపించారు. రోజుకు లక్ష వాహనాలకు పైగా మోసే దారిని తీసేసినా నగరం స్తంభించలేదు. ఎందుకంటే 2004 జూలైలోనే బస్సుల వ్యవస్థను మొత్తం తిరగరాశారు. రోడ్డు మధ్యలో ప్రత్యేక బస్సు దారులు వేశారు, బస్సుకూ మెట్రోకూ కలిపి ఒకే చార్జీ పెట్టారు. ఫొటోలో కనబడనిది, అసలు పని చేసింది అదే. దాన్ని ఫౌంటెన్ అని కొట్టిపారెయ్యలేం.

---

సందేహం | మధ్యాహ్నం 1:30

ఇందాకటి నుంచి చదువుతున్నాను. నాకు ఒకటే అనుమానం. ఈ పచ్చ పథకాలన్నిటికీ బిల్లు ఎవరి చేతికి వెళుతోంది?

ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో పసుపు జాకెట్లవాళ్లు రోడ్డెక్కింది పర్యావరణం మీద కోపంతో కాదు. ఇంధనం మీద పన్ను పెంచుతూ పోయారు. నగరాల్లో అద్దెలు భరించలేక దూరంగా వెళ్లి, బస్సూ రైలూ సరిగ్గా లేని చోట్ల ఉంటున్నవాళ్లకు కారు విలాసం కాదు, బతుకుతెరువు. పైగా అదే ఏడాది మొదట్లో సంపద పన్నును ఎత్తేసి, ఆస్తుల్లో స్థిరాస్తికే పరిమితం చేశారు. ధనవంతుడికి తగ్గించిన చేత్తోనే డీజిలు పోసుకునేవాడికి పెంచితే భూగోళం కోసమని ఎవరు నమ్ముతారు? డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

గ్రామాల గొడవలా కనిపిస్తుంది గానీ ఇది నగరాల గొడవే. నగరం ఎవర్ని బయటికి నెట్టిందో వాళ్లే తిరిగొచ్చి కూడళ్లలో నిలబడ్డారు.

---

గుల్మొహర్ | మధ్యాహ్నం 2:05

సందేహం గారు చెప్పినదానికి తోడు లండన్‌ది కూడా చెప్పుకోవాలి. అక్కడ పాత, ఎక్కువ పొగ చిమ్మే వాహనాలకు రోజుకు 12.50 పౌండ్ల రుసుము పెట్టారు. 2019లో నగర మధ్యంతో మొదలైన ఆ పరిధిని 2023 ఆగస్టుకల్లా లండన్ మొత్తానికి చాచారు. రుసుము కోసం బండ్ల నంబర్లు చూసే కెమెరాల తీగలు కోసేశారు, స్తంభాలు పడగొట్టారు. ఆ జూలైలో లండన్ శివారు అక్స్‌బ్రిడ్జ్ ఉప ఎన్నికలో లేబర్ పార్టీ 495 ఓట్లతో ఓడిపోతే, తప్పంతా ఈ రుసుముదే అన్నారు. దేశమంతటా పచ్చ విధానాలకు కాలం చెల్లిందని పత్రికలు రాసేశాయి.

రెండో వైపు ఏముందో చూడండి. రద్దీ రోడ్డు పక్క ఇంట్లో ఉబ్బసంతో చనిపోయిన తొమ్మిదేళ్ల పాప విషయంలో, గాలి కాలుష్యం కూడా మరణకారణమని 2020 డిసెంబరులో అధికారికంగా నమోదైంది. ఆ రోడ్ల పక్కన ఉండేవాళ్లలో కారు లేనివాళ్లే చాలామంది. అంటే పేదలకు రుసుమూ భారమే, పొగా భారమే. "పేదల కోసం" అంటూ రెండు పక్షాలూ వాదించాయి, రెండూ అబద్ధం చెప్పలేదు.

పాత బండి వదిలించుకోవడానికిచ్చే సాయాన్ని మొదట తక్కువ ఆదాయం వాళ్లకూ, వికలాంగులకూ, చిన్న వ్యాపారులకూ పరిమితం చేశారు. ఉప ఎన్నికలో దెబ్బ తగిలాక ఆగస్టులో లండన్‌వాసులందరికీ ఇచ్చారు. ఆ సాయం అందరికీ ముందే వచ్చుంటే కెమెరాలు అన్ని పగిలేవి కావని నా అంచనా. 2024 మేలో, ఆ పరిధిని చాచిన లేబర్ మేయర్ సాదిక్ ఖానే మూడోసారి గెలిచాడు. కాలం చెల్లిందన్నవాళ్లు ఆ సంగతి చిన్న అక్షరాల్లో వేశారు.

---

నీటిబొట్టు | మధ్యాహ్నం 3:20

"జనం మారాలి" అన్నదానికి కేప్‌టౌన్ కంటే మంచి పరీక్ష లేదు.

2018 మొదట్లో జలాశయాలు అడుగంటాయి. ఏప్రిల్ 12 నుంచి కుళాయిలు కట్టేస్తాం, అందరూ క్యూలో నిలబడి పట్టుకోవాల్సిందేనని తేదీ ప్రకటించారు. దానికి పెట్టిన పేరు డే జీరో. ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. స్నానపు నీళ్లను బకెట్లలో పట్టి మరుగుదొడ్డిలో పోశారు. మురికి కారుతో తిరగడం గొప్పయింది. కొన్నేళ్ల కిందటితో పోలిస్తే నగరం వాడే నీళ్లు సగానికి తగ్గాయి. వర్షాలూ వచ్చాయి, డే జీరో రాలేదు. ఇక్కడిదాకా చూస్తే కానుగ గారు గెలిచినట్టే.

అయితే ఆ నగరం నీటి వాడకం మీద 2023లో వచ్చిన పరిశోధన ఒకటి చెప్పిందేమంటే, జనాభాలో 14 శాతం దాకా ఉన్న సంపన్న, ఎగువ మధ్యతరగతి ఇళ్లే నగరం నీళ్లలో సగం వాడుకుంటున్నాయి. ఈత కొలనులకు, లాన్లకు. మురికివాడల్లో చాలామందికి ఇంట్లో కుళాయే లేదు, నలుగురితో కలిసి వీధి కుళాయి దగ్గర పట్టుకుంటారు. వాళ్లకు 50 లీటర్ల పరిమితి ఎప్పుడో అమల్లో ఉంది, పేరే పెట్టలేదు. ఉన్నవాళ్లు కరువు రాగానే పెరట్లో బోర్లు వేయించుకున్నారు. వాడకం తగ్గించామని చెప్పుకున్న లెక్కలో కొంత ఇలా భూగర్భంలోకి మారింది.

అందరం కలిసి గట్టెక్కామన్న కథ ఇంకా వినబడుతోంది. ఎక్కాల్సిన ఎత్తు అందరికీ ఒకటి కాదు.

---

చిత్తుకాగితం | సాయంత్రం 4:15

చెత్త గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? నాకు వదిలేసినట్టున్నారు, థాంక్స్.

కైరోలో జబ్బాలీన్ అనే సమాజం ఉంది. దశాబ్దాలుగా ఇల్లిల్లూ తిరిగి చెత్త తెచ్చుకుని, వాళ్ల వాడల్లో చేత్తో వేరుచేసి అమ్ముకుని బతుకుతారు. మూడో అంతస్తయినా మెట్లెక్కి తలుపు దగ్గరే తీసుకుంటారు. ఆహార వ్యర్థాలు పందులకు, ప్లాస్టిక్ ఒక గదిలోకి, కాగితం ఇంకో గదిలోకి. తెచ్చినదాంట్లో 80 శాతం దాకా తిరిగి వాడకంలోకి పంపుతారని అంచనా.

2003లో ప్రభుత్వానికి ఇది మురికిగా, వెనకబాటుగా కనబడింది. యూరప్ కంపెనీలకు పదిహేనేళ్ల కాంట్రాక్టులిచ్చింది. వీధుల్లో పెద్ద డబ్బాలు పెట్టారు, కొత్త లారీలు తెచ్చారు, చెత్త రుసుమును కరెంటు బిల్లులో కలిపారు. ఒప్పందం ప్రకారం కంపెనీలు రీసైకిల్ చెయ్యాల్సింది 20 శాతం మాత్రమే.

లారీలు సందుల్లో పట్టలేదు. తలుపు దగ్గరే చెత్త ఇచ్చే అలవాటున్న ఇళ్లవాళ్లకు మెట్లు దిగి వీధి చివర డబ్బాదాకా మోసుకెళ్లడం నచ్చలేదు. చాలామంది కరెంటు బిల్లులో ఒకసారి, పాత మనిషి చేతిలో ఇంకోసారి డబ్బు పెట్టారు. 2009లో స్వైన్ ఫ్లూ భయంతో దేశంలోని పందులన్నిటినీ చంపించారు. పందుల వల్ల ఆ జ్వరం అంటుకుంటోందన్న ఆధారమే లేదు. తిండి వ్యర్థాలు తినే జీవం లేకపోయేసరికి అవి వీధుల్లో కుళ్లాయి. జబ్బాలీన్లలో ఎక్కువమంది క్రైస్తవులు, పందులు పెంచేది వాళ్లే. ఆ నిర్ణయం వెనక ఆరోగ్యం పాలెంత, మతం పాలెంత అని అప్పుడే అడిగారు.

సంస్కృతి మారాలంటారు కదా. ఇక్కడ సంస్కృతే రీసైక్లింగ్ చేస్తోంది. ఆధునికత పేరుతో దాన్నే తుడిచిపెట్టారు.

---

కానుగ | సాయంత్రం 4:40

చిత్తుకాగితం గారూ, దండం. పొద్దుట్నుంచీ నేను చెప్పాలని తంటాలు పడుతున్నది ఇదే. ఉన్న అలవాటును అడ్డంకిగా చూడకుండా దాని మీద కట్టొచ్చు.

---

పాతబాకీ | సాయంత్రం 5:05

కట్టొచ్చు, అది ఎవరికైనా లాభమైతే.

గుల్మొహర్ గారూ, అద్దెల గురించి మీరు రాస్తారనుకున్నాను. న్యూయార్క్‌లో హైలైన్ అని పాడుబడ్డ రైలు వంతెన మీద తోట పెట్టారు, 2009లో మొదటి భాగం తెరిచారు. చుట్టూ ఇళ్ల ధరలు ఆకాశానికంటాయి. పక్కనే ఉన్న ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్లకు అది తమ తోటలా అనిపించలేదు. మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన రాబర్ట్ హామండే 2017లో ఆ పొరుగువాళ్ల విషయంలో విఫలమయ్యామని బాహాటంగా చెప్పారు. చెట్టు నాటితే అద్దె పెరుగుతుందని తెలిశాక, అద్దెకుండేవాడు చెట్టును ఎందుకు కోరుకుంటాడు?

---

గుల్మొహర్ | సాయంత్రం 5:50

కోరుకునే చోటు ఉంది. వియన్నా.

1920ల నుంచి ఆ నగరం సొంతంగా ఇళ్లు కడుతోంది. ఇప్పుడు దాదాపు 2,20,000 ఫ్లాట్లు నగరానివే. వాటికి తోడు రాయితీతో కట్టిన సహకార ఇళ్లు కూడా కలిపితే జనాభాలో సగం దాకా అలాంటి ఇళ్లలోనే ఉంటారు. వీధిలో పార్కు వచ్చినా ట్రాం వచ్చినా వాళ్ల అద్దె ఎగిరిపోదు. అందుకే పార్కును చూసి భయపడరు. 2012లో ఏడాది మొత్తానికి రవాణా పాసును 365 యూరోలకు తెచ్చారు, అదే సమయంలో పార్కింగ్ రుసుము పెంచారు. ఒక పక్క చవక టికెట్టు చూపిస్తూనే, ఇంకో పక్క కారు జేబు మీద చెయ్యి వేశారు.

వియన్నాది పర్యావరణ విధానంగా మొదలవ్వలేదు, గమనించండి. వందేళ్ల కిందట కార్మికులకు గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు కావాలన్న రాజకీయం అది. నా దృష్టిలో నగరానికి అన్నిటికంటే ముఖ్యమైన పచ్చ చట్టం అద్దె చట్టమే. వినడానికి వింతగా ఉంటుంది గానీ.

---

సందేహం | సాయంత్రం 6:20

ఇది ఒప్పుకుంటాను. ఇంటికి భరోసా ఉంటే పన్ను గొడవ కూడా సగం తగ్గుతుంది. ఊరవతలికి నెట్టబడేవాడే ఉండడు కాబట్టి.

---

మెరుపుతీగ | సాయంత్రం 6:45

ఇన్ని షరతులు పెట్టుకుంటూ కూర్చుంటే ఏ ఊళ్లో ఏ పనీ జరగదు. బ్రెజిల్‌లో కురిటిబా నగరం చూడండి. మేయర్ జైమ్ లెర్నర్ 1972లో ఒక్క వారాంతంలో, శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ప్రధాన వీధిని పాదచారులకు ఇచ్చేశాడు. దుకాణదారులు కోర్టుకెళ్లే లోపే రాళ్లు పరిచేశారు. కార్ల క్లబ్బు వాళ్లు బండ్లతో దూసుకొస్తామని బెదిరిస్తే, వీధంతా పొడుగాటి కాగితాలు పరిచి పిల్లల్ని బొమ్మలు వెయ్యడానికి కూర్చోబెట్టాడు. కార్లు వెనక్కి తిరిగాయి. కొన్నాళ్లకు ఆ దుకాణదారులే మా వీధి కూడా చెయ్యండని అడిగారు. అలా ఉండాలి!

---

వీధిదీపం | సాయంత్రం 7:10

మెరుపుతీగ గారూ, ఉదాహరణ నా వాదనకు సరిగ్గా సరిపోతుంది, అయినా నాకు ఇబ్బందిగానే ఉంది. ఆనాటి బ్రెజిల్‌లో సైనిక పాలన. లెర్నర్‌ను నియమించారు, జనం ఎన్నుకోలేదు. ఆయన మళ్లీ ఓటు అడగాల్సిన పని లేదు. 1988లో ఓటుతోనే గెలిచాడు, అది వేరే సంగతి. 72 గంటల్లో రాళ్లు పరచగల అధికారం అదే 72 గంటల్లో ఒక వాడను కూడా ఖాళీ చేయించగలదు. పాతబాకీ గారు చెప్పిన వ్యాపారుల్ని కూడా అడగండి.

స్టాక్‌హోమ్ నాకు ఎక్కువ నచ్చేది అందుకే. అక్కడ కూడా ముందు చేశారు, తర్వాత అడిగారు. కానీ నిజంగానే అడిగారు. వద్దంటే తీసేసే వీలు ఉంది. మాంచెస్టర్ 2008లో, ఎడిన్‌బరో 2005లో ముందే అడిగాయి. రెండు చోట్లా నలుగురిలో ముగ్గురు దాకా వద్దన్నారు, అంతటితో ముగిసింది. కాగితం మీద పన్నే కనబడుతుంది, ఖాళీ రోడ్డు కనబడదు.

---

గుల్మొహర్ | సాయంత్రం 7:35

> కానీ నిజంగానే అడిగారు

స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్‌లో కూడా అడిగారు. 2013లో పన్ను మొదలైంది, 2014లో ఓటింగ్ పెడితే 57 శాతం వద్దన్నారు. అయినా ఉంచేశారు. రైల్వే సొరంగంతో సహా పెద్ద ప్యాకేజీ ఒకటి ఆ డబ్బు మీదే ఆధారపడి ఉందన్నారు, ఓటు సలహా మాత్రమే అన్నారు. పారిస్‌లో 2024లో పెద్ద కార్లకు పార్కింగ్ రుసుము మూడింతలు చెయ్యాలా అని అడిగితే 54 శాతానికి పైగా అవునన్నారు. ఓటేసింది మాత్రం ఓటర్లలో 6 శాతం లోపే. ఏడాది తర్వాత 500 వీధుల్ని నడిచేవాళ్లకు ఇవ్వడం మీద ఓటింగ్ పెడితే 4 శాతమే వచ్చారు. అడగడం కూడా ఒక తంతు కావచ్చు. న్యూయార్క్‌లోనైతే చివరి మాట నగరానిది కూడా కాదు. 2024 జూన్‌లో, మొదలవ్వాల్సిన నెలలోనే, రాష్ట్ర గవర్నరు రద్దీ పన్నును ఆపేశారు. 2025 జనవరిలో 15 డాలర్లను 9 చేసి మొదలుపెట్టారు. నా మొదటి ప్రశ్న అలాగే ఉంది: ఓటు గీత ఎక్కడ గియ్యాలి?

---

నీటిబొట్టు | రాత్రి 8:15

ఓటే లేనప్పుడు ఏం చేస్తారన్నది కూడా చూడాలి. నైరోబీలో ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం, పక్కన అధ్యక్షుడి విగ్రహం కట్టాలని 1989లో నిర్ణయించారు. అప్పుడు కెన్యాలో ఒకే పార్టీ. పర్యావరణ కార్యకర్త వంగారీ మాథాయ్ ముఖ్యంగా చేసింది ఉత్తరాలు రాయడం. మంత్రులకు, అప్పులిచ్చే విదేశీ సంస్థలకు, పత్రికలకు. న్యూయార్క్ నడిబొడ్డు పార్కులో ఇలా కడతారా అని అడిగింది. పార్లమెంటులో ఆమెను నోటికొచ్చినట్టు మాట్లాడారు, విడాకులు తీసుకున్న ఆడది మాకు చెప్పేదేంటన్నారు. ఆమె సంస్థను ఆఫీసు ఖాళీ చేయించారు. అప్పులిచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు, భవనం ఆగింది. ఒక పచ్చిక బయలు కోసం మొదలైన గొడవ, ప్రభుత్వాన్ని ప్రశ్నించొచ్చని జనానికి నేర్పింది. 2013లో ఇస్తాంబుల్ గెజి పార్కులో కూడా కొన్ని చెట్ల దగ్గరే మొదలైంది, దేశమంతా పాకింది.

---

చిత్తుకాగితం | రాత్రి 8:50

గుల్మొహర్ గారి ప్రశ్నకు నా దగ్గర సగం జవాబుంది. ఓటు గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు బయట మిగులుతారు, వాళ్లకు కోర్టు కావాలి.

కానుగ గారి బొగోటాలోనే చెత్త ఏరుకునేవాళ్లు ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపారు. నగరం చెత్త కాంట్రాక్టుల టెండర్లు పిలిచేది, వాటిలో పాల్గొనే అర్హత పెద్ద కంపెనీలకే ఉండేలా నిబంధనలు ఉండేవి. 2003లో ఒకసారి, 2011లో మళ్లీ, రాజ్యాంగ న్యాయస్థానం వాళ్లను పక్కన పెట్టడం కుదరదంది. 2013 నుంచి తెచ్చిన సరుకు బరువును బట్టి నగరం వాళ్లకు సేవారుసుము కట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు పాతసామాను కొట్టువాడు ఇచ్చిందే ఆదాయం. ఇప్పుడు తూకం రసీదు చూపిస్తే నగరం కూడా ఇస్తుంది.

---

పాతబాకీ | రాత్రి 9:05

సియోల్ వ్యాపారులకు ఇలాంటి తీర్పు వచ్చుంటే రెండోసారి మూట కట్టేవాళ్లు కాదు. ఈ ఒక్కదానికి మాత్రం ఎదురు చెప్పను.

---

వీధిదీపం | రాత్రి 9:30

కోర్టు దారి మీద వేరే చర్చ తెరుస్తున్నాను, ఇక్కడ ఇరికిస్తే కలగాపులగమవుతుంది. జకార్తాతో మొదలుపెడతాను. గాలి కాలుష్యం మీద 32 మంది పౌరులు వేసిన దావాలో, దేశాధ్యక్షుడితో సహా అధికారులు బాధ్యత విస్మరించారని 2021 సెప్టెంబరులో జిల్లా కోర్టు తేల్చింది. గెలిచాక గాలి మారిందా లేదా అన్నది అక్కడ తేల్చుకుందాం. చిత్తుకాగితం గారూ, బొగోటా తీర్పుల తర్వాత ఆ తూకం కేంద్రాల్లో ఏం జరిగిందో అక్కడ కాస్త వివరంగా రాయండి. సందేహం గారూ, అద్దె చట్టం మీద మీరూ గుల్మొహర్ గారూ కలిసి ఒకటి తెరవండి, ఇప్పుడిప్పుడే ఇద్దరికీ మాట కలుస్తోంది.